లొరెట్టా ఇంట్లో రెండు పండుగల శుక్రవారం

లొరెట్టా జెల్మన్ వంటింట్లో గోడమీద రెండు కాలెండర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకటి మా చర్చి వీధిలో అంత్యక్రియలు జరిపించే కంపెనీవాళ్ళు ఏటా పంచేది. దాని మీద మరియమ్మ ఒడిలో బాలయేసు ఉంటాడు. రెండోది ఆమె భర్త మోర్ట్ తెచ్చేది, యూదుల మాంసం కొట్టువాళ్ళిచ్చేది. దాని మీద బొమ్మ ఉండదు, కొట్టు ఫోను నంబరు ఉంటుంది. ఇరవై మూడేళ్ళుగా లొరెట్టా ఆ రెండింటినీ చూసుకుంటూనే కాపురం చేస్తోంది. డిసెంబరులో అటు యూదుల దీపాలు ఏ రోజున మొదలు, ఇటు క్రిస్మస్ చెట్టు ఏ రోజున తేవాలి, వసంతంలో యూదుల పస్కా పండుగకి ఇంట్లో పులిసిన రొట్టె ఎప్పటినుంచి ఉండకూడదు, మళ్ళీ ఈస్టర్ రొట్టెకి పిండి ఎవరింట్లో పులియబెట్టాలి, అన్నీ ఆ గోడే చెబుతుంది. ఈస్టర్ రొట్టె పిండి మా ఇంట్లోనే పులుస్తుంది లెండి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింటికి వెళ్ళాను. పెద్ద పనేం లేదు. దక్షిణ ఫిలడెల్ఫియాలో మా వీధి ఇళ్ళన్నీ భుజానికి భుజం ఆనించి కట్టినవి. మా ఇంటికీ లొరెట్టా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ అవతల ఎక్కువసేపు చప్పుడు లేకపోతే నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు. వెళ్ళేసరికి లొరెట్టా రెండు కాలెండర్ల మీదా చెరో వేలూ పెట్టి నిలబడి ఉంది.

"ఎర్సీలియా పిన్నీ, నా కళ్ళు సరిగా ఉన్నాయో లేదో చూడు. ఏప్రిల్ పద్నాలుగు. ఇక్కడేముంది?"

"గుడ్ ఫ్రైడే."

"ఇక్కడ?"

కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాను. "పస్కా మొదటి రాత్రి."

"చూశావా!"

"ఒకే రోజైతే మంచిదేగా. ఒక వంటతో రెండూ అయిపోతాయి" అన్నాను.

"ఏ వంటతో పిన్నీ?"

అప్పుడు తట్టింది నాకు. గుడ్ ఫ్రైడే నాడు మా ఇళ్ళల్లో మాంసం ముట్టరు. పస్కా మొదటి రాత్రి వాళ్ళ బల్ల మీద కోడి సూపూ, గంటల తరబడి ఉడికిన గొడ్డుమాంసమూ లేకపోతే అది విందే కాదు.

ఇదివరకు కలిసిరాలేదా అంటే, కొన్నేళ్ళకోసారి ఈ రెండూ కలుస్తూనే ఉన్నాయి. కానీ అప్పట్లో అత్తగారు మిన్నీ జెల్మన్ బతికే ఉంది, విందు ఆవిడింట్లో. లొరెట్టా ఒక మూల కూర్చుని ఉడికించిన గుడ్డూ, బంగాళాదుంపా తిని లేచేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు మిన్నీ లేదు. బల్ల లొరెట్టాది.

లొరెట్టా నా కళ్ళముందు పెరిగిన పిల్ల. వాళ్ళ నాన్న గోడలకు సున్నం పూతలు వేసేవాడు. అమ్మ అస్సుంతాదీ నాదీ ఇటలీలో పక్కపక్క కొండ ఊళ్ళు. లొరెట్టా పదహారేళ్ళకే మగవాళ్ళ కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. పని గుండీ కాజాలు. రోజుకి కొన్ని వందలు. "తల ఇంట్లో పెట్టొచ్చినా పర్లేదు పిన్నీ, చేతులు ఉంటే చాలు" అనేది. ఒకసారి ఫోర్‌మన్ పంపితే గుండీల కొట్టుకి వెళ్ళింది. కొట్టులో మోర్ట్ ఉన్నాడు. పొట్టివాడు, అప్పటికే నుదురు వెనక్కి జరుగుతోంది, కానీ మాటకారి. ఆరు నెలల్లో ఆ ఫ్యాక్టరీకి సరిపడేదానికన్నా ఎక్కువ గుండీలు కొన్నది ఈ పిల్ల.

పెళ్ళి చర్చిలో కాదు, యూదుల ప్రార్థనామందిరంలోనూ కాదు, జడ్జి ముందు జరిగింది. లొరెట్టా నాన్న వచ్చాడు. అస్సుంతా రాలేదు. తలుపేసుకుని జపమాల తిప్పుతూ కూర్చుంది. నేను వెళ్ళాను, లేకపోతే ఏం జరిగిందో అస్సుంతాకి చెప్పేదెవరు?

అత్తగారు మిన్నీ మాత్రం కొత్తకోడల్ని చూసి ఒక్కటే అడిగింది. "వంట వచ్చా?"

"వచ్చండీ."

"మీ వంట సరే. మా వంట?"

"నేర్పితే వస్తుంది."

"అయితే చూద్దాం" అంది మిన్నీ.

చూడటం అంటే మామూలు చూడటం కాదు. ఏడాది పొడుగునా ప్రతి శుక్రవారం లొరెట్టాని పక్కన నిలబెట్టుకుంది. కోడి చర్మం సన్నని సెగ మీద కరిగించి, ఉల్లిపాయతో వేయించి, ఆ కొవ్వు సీసాలో పట్టడం నేర్పింది. పులియని రొట్టె పొడిలో ఆ కొవ్వూ, గుడ్లూ కలిపి ఉండలు చుట్టడం నేర్పింది. ఉండలు విడిగా ఉప్పునీళ్ళలో ఉడకాలి. సూపు కుండలో వెయ్యకూడదు. ముందు గిన్నెలో ఉండలు పెట్టి, పైన సూపు పొయ్యాలి. మాట తప్పితే చేతి మీద గరిటె పడేది. లొరెట్టా ఏనాడూ నొచ్చుకోలేదు. "నా చేతికి రెండో బడి ఇది" అనేది. చివరికి జెల్మన్ వంశంలో మిన్నీ ఉండల్ని అచ్చంగా మిన్నీలా చెయ్యగలిగింది ఆ క్రైస్తవ కోడలొక్కతే అయింది.

మిన్నీ పోయేముందు మంచం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిందట, "ఫేకి మొగుడూ పిల్లలూ లేరు. ఎవరింట్లోనో చివరి కుర్చీలో కూర్చుని పస్కా తినే గతి పట్టనీకు. బల్ల నువ్వు నిలబెట్టు." ఫే అంటే మోర్ట్ మేనత్త. టోపీల కంపెనీలో నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసింది. పెళ్ళి చేసుకోలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చినా టోపీ లేకుండా గడప దాటదు.

ఇదొక పక్క. రెండో పక్క అస్సుంతా. జనవరిలో మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లొరెట్టా తల్లిని తనింటికి తెచ్చుకుని మేడమీద గది ఇచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. కూతురి పెళ్ళి మీద కోపం ఎప్పుడో మరిచిపోయింది, మనవరాలు డీనా అంటే ప్రాణం, మోర్ట్ చేసే కోతిచేష్టలకి మూతి తిప్పుకుని నవ్వుకుంటుంది. కానీ ఒక్క పస్కాకి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. గుడ్ ఫ్రైడే అయితే చెప్పనే అక్కర్లేదు. నల్లబట్టలు, ఉపవాసం, మధ్యాహ్నం పన్నెండునుంచి మూడుదాకా మౌనం.

లొరెట్టా కోరిక చిన్నదే. అత్తవైపు మిగిలిన ముసలమ్మా, తనవైపు మిగిలిన ముసలమ్మా ఒక్కసారైనా తన బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవాలి. తల్లికి ఎనభై నాలుగు, ఫే అత్తకి డెబ్బై ఎనిమిది. ఎన్నేళ్ళు వాయిదా వేస్తుంది?

అందుకని మార్చి నెలంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. అసలు మాంసమే వద్దు. అంతా చేపలే. మొదట వాళ్ళ పద్ధతిలో తీపి తగిలే చేప ముద్దలు, తర్వాత చేపల సూపులో ఉండలు, ఆ తర్వాత టమాటాలతో కాల్చిన పెద్ద చేప. వాళ్ళకి పులిసిన రొట్టె లేదు, మనకి మాంసం లేదు. నాతో ఒట్టు వేయించుకుంది.

"పిన్నీ, ఈ సంగతి ఫే అత్తకి నేనే మెల్లగా చెబుతాను. నువ్వు నోరు విప్పకు."

"నేనెందుకు విప్పుతానే!"

నా నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా తెలుసు. అయినా ఆ పిల్ల నమ్మింది. పండుగ వారంలో మంగళవారం లొరెట్టా బజారుకి వెళ్ళింది, నేను అస్సుంతాకి తోడు కూర్చున్నాను. ఫోను మోగింది. ఫే.

"ఏం వండుతోంది మా కోడలు?"

"చేపలు" అన్నాను. అందులో రహస్యం ఏముంది, చేప ముద్దలు ఏటా ఉండేవేగా.

"సరే. ఆ తర్వాత?"

"ఆ తర్వాత..." ఆగాను. ఆగానుగానీ నా ఆగడం ఎంతసేపు? "ఆ తర్వాత కూడా చేపలే."

"సూపు?"

"అది కూడా..."

ఫోను తెగిపోయిందేమో అనుకున్నాను. "హలో" అన్నాను. "ఉన్నాను. కూర్చుంటున్నాను" అంది ఫే.

గురువారం మధ్యాహ్నం లొరెట్టా ఉండలు చుడుతుండగా ఫే మళ్ళీ ఫోను చేసింది. లొరెట్టా రిసీవరుని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, చేతులు ఆపకుండా మాట్లాడింది. ఫే గొంతు బల్ల ఇవతల కూర్చున్న నాకు కూడా వినబడుతోంది.

"అమ్మాయ్, డెబ్బై ఎనిమిది పస్కాలు తిన్నాను. డెబ్బై ఎనిమిదీ కోడి సూపుతోనే. యుద్ధంలో రేషను ఉన్నప్పుడు కూడా."

"ఈ ఒక్క ఏడాదే అత్తయ్యా."

"నా వయసులో ఒక్క ఏడాది అంటే ఏమిటో తెలుసా? అది మొత్తం ఆస్తిలో సగం."

"మా అమ్మ కోసం అత్తయ్యా. ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు."

"కూర్చోమను. ఎవరొద్దన్నారు? సూపు తాగొద్దను. చెర్రీ హిల్‌లో మా చెల్లెలి కూతురు ఏటా పిలుస్తూనే ఉంది. వాళ్ళ కుండలో కోడి ఈదుతూ ఉంటుందట."

లొరెట్టా చేతులు ఆగలేదుగానీ గొంతు మారింది. "మీరు రాకపోతే ఆ బల్ల నేనెవరి కోసం నిలబెట్టినట్టు అత్తయ్యా?"

అవతల ఒక నిట్టూర్పు. "వస్తానులే. ఈసారికి వస్తాను. మిన్నీ బల్ల మీద చేపల సూపు ఎలా ఉంటుందో నా కళ్ళతో చూసుకోవాలిగా. నోట్లో పెట్టుకోవడానికి వీల్లేకపోతే మాత్రం, వచ్చే ఏడాదినుంచి నా పస్కా చెర్రీ హిల్‌లోనే. ముందే చెప్పేస్తున్నా."

ఫోను పెట్టేసేసరికి పళ్ళెంలో నలభై ఉండలు వరసగా ఉన్నాయి. నావైపు చూసింది. "ఫే అత్తకి చేపల సూపు సంగతి ఎలా తెలిసిందంటావ్ పిన్నీ?" నేను డీనా స్కూలు సంగతులు అడగడం మొదలుపెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చర్చిలో ప్రార్థన అయ్యాక అస్సుంతాని మేడ ఎక్కించాం. మంచం అంచున కూర్చుని నన్ను ఆరా తీసింది. మా ఊరి భాషే తప్ప ఆవిడకి ఇంగ్లీషు పట్టుబడలేదు, ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళైనా.

"ఒసే ఎర్సీలియా, అక్కడేం చేస్తారు వాళ్ళు?"

"ఐగుప్తులోంచి దేవుడు తీసుకొచ్చిన కథ చదువుతారు. పాడతారు. తింటారు."

"పాడతారా! ఇవాళా?"

"దేవుడి పాటలేలే."

"నవ్వుతారా?"

"మోర్ట్ ఉంటాడుగా. నవ్వకుండా ఎలా?"

"అయితే నేనిక్కడే ఉంటాను. ఒక గుడ్డు పైకి పంపించమను."

లొరెట్టా గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికొచ్చి, నేలమీద కూర్చుని, తల్లి బూట్ల లేసులు ముడివేయడం మొదలుపెట్టింది.

"అమ్మా, నా పెళ్ళికి నువ్వు రాలేదు. నేనేమీ అనలేదు. ఇరవై మూడేళ్ళలో ఒక్క పస్కాకి రాలేదు. అప్పుడూ అనలేదు. ఇవాళ ఒకే కప్పు కింద నువ్వు పైనా, నా బల్ల కిందా ఉంటే మాత్రం అంటాను."

అస్సుంతా కూతురి నడినెత్తి వైపు కాసేపు చూసింది. "మాంసం కంటికి కనబడకూడదు."

"కనబడదు."

"వాసన కూడా రాకూడదు."

"రాదు."

"నేను నవ్వను."

"నిన్ను నవ్వమని ఎవరన్నారమ్మా?"

ఆరింటికి ఫే వచ్చింది. ఊదారంగు టోపీ, దాని మీద చిన్న ఈక. కోటు విప్పకుండానే వంటింట్లోకి ముక్కు పెట్టి గాలి పీల్చింది. "సముద్రం" అని ఒక్కమాట అని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఎదురుగా అస్సుంతా, మెడదాకా నలుపు. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకున్నారు, అంత్యక్రియల్లో దూరపు బంధువుల్లాగ. మధ్యలో మోర్ట్, లొరెట్టా, పదమూడేళ్ళ డీనా, నేను.

బల్ల మధ్యన పస్కా పళ్ళెం ఉంది. అందులో గొర్రె ఎముక ఉండాల్సిన చోట ఎర్రగా కాల్చిన బీట్‌రూటు ఉంది. ఫే దాన్ని వేలితో కదిపింది.

"మోర్ట్, ఈ గొర్రెకి ఏ జబ్బు చేసింది?"

"ఎముక బదులు బీట్‌రూటు పెట్టుకోవచ్చని పూర్వం రబ్బీ ఒకాయన, పెద్ద మతగురువు, చెప్పాడు అత్తా. పుస్తకంలో ఉంది."

"ఆయన ఎవరింటికి భోజనానికి వెళ్ళాడో పాపం" అంది ఫే.

మోర్ట్ చదవడం మొదలెట్టాడు. డీనా చిన్నది కాబట్టి, ఈ రాత్రి మిగతా రాత్రులకన్నా ఎందుకు వేరని అడగాల్సిన నాలుగు ప్రశ్నలూ అది అడిగింది. ఈ ఏడాది ఐదోది కూడా ఉండాలని గొణిగింది. నేను అస్సుంతా చెవిలో అన్నీ మా భాషలో చెబుతూ వచ్చాను. ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. ఘాటు దుంప తురుము వచ్చింది. బానిసత్వపు చేదు గుర్తుకని పులియని రొట్టె ముక్క మీద పెట్టుకుని తినాలి. అస్సుంతాది ఎప్పుడూ పెద్ద చెయ్యి, నిండా పెట్టుకుంది. నమిలింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చెంపల మీదుగా నీళ్ళు దిగాయి. తర్వాత ఉప్పునీళ్ళలో ఉడికించిన గుడ్డు. అదీ తింది. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"పులుపెక్కని రొట్టె. చేదు. ఉప్పునీళ్ళు. కన్నీళ్ళు. ఒసే, శుక్రవారం ఎలా చెయ్యాలో వీళ్ళకి మనకన్నా బాగా తెలుసే!"

నేనది ఇంగ్లీషులో చెప్పాను. మోర్ట్ బల్ల చరిచాడు. ఫే టోపీ మీది ఈక ఒకసారి అటూ ఇటూ ఊగింది. లొరెట్టా ముఖం విప్పారింది. సూపు తేవడానికి లేచి వెళ్ళిన మనిషి దాదాపు పరుగెత్తింది.

సూపు బంగారు రంగులో ఉంది, కుంకుమపువ్వు వేసినట్టుంది. గిన్నెకి మూడేసి ఉండలు. అస్సుంతా ఒకటి తింది. రెండోది తింది. "మెత్తగా ఉన్నాయి" అంది. ఫే మాత్రం చెంచాతో ఉండని అటూ ఇటూ దొర్లించి, దేవుడికి దండం పెట్టుకుని మందు మింగే ముఖంతో నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. మళ్ళీ నమిలింది. ముఖమంతా వెలిగిపోయింది.

"ఎవరన్నారు కోడి లేదని? ఇది మిన్నీ ఉండ! అచ్చంగా మిన్నీ ఉండ! కోడి కొవ్వు లేకుండా ఈ రుచి రానేరాదు. అమ్మాయ్, నన్ను ఏడిపించాలని చూశావు కదూ!"

లొరెట్టా గరిటె బల్ల మీద పెట్టేసింది. ఒక్కసారిగా ఫ్రిజ్ వైపు వెళ్ళి తలుపు తీసింది. కోడి కొవ్వు సీసా సగం ఖాళీగా ఉంది. కొవ్వు బదులు ఉండల్లో కలపాలని తెచ్చిన నూనె సీసా మూత కూడా తియ్యలేదు. గురువారం చెవికి ఫోను పెట్టుకుని ఫేని బతిమాలుతున్నంతసేపూ ఆ చేతులు తమ పని తాము చేసుకుపోయాయి, మిన్నీ నేర్పినట్టే.

"అత్తా, ఒక్క నిమిషం. అది చేపల సూపు" అన్నాడు మోర్ట్ మెల్లగా.

ఫే ముఖంలో వెలుగు ఆరిపోయింది. చెంచా కింద పెట్టింది. చేపనీ, కోడినీ ఒకే గిన్నెలో కలిపి తినడం వాళ్ళ పాతకాలపు ఇళ్ళల్లో లేదు. శనివారం ప్రయాణం చెయ్యకూడదని వాళ్ళ మతం చెప్పినా బస్సెక్కే ఫే కూడా అది మాత్రం చెయ్యదు. "చేపలో కోడి" అంది నీరసంగా. "మా అమ్మ సమాధిలో లేచి కూర్చునుంటుంది."

ఒక్క ఉండతో లొరెట్టా రెండు మతాలకీ ఒకేసారి తప్పు చేసింది. అలా చెయ్యాలంటే కూడా పనితనం ఉండాలి.

అస్సుంతాకి ఇవేమీ అర్థం కాలేదు. మూడో ఉండ మీద చెంచా పెట్టి నన్నడిగింది, "ఏమైందే? ఎందుకు అందరూ రాళ్ళలా కూర్చున్నారు?"

బల్ల చుట్టూ ఉన్న కళ్ళన్నీ నామీదే. ఉప్పెక్కువైందని ఒక్కమాట అంటే సరిపోయేది. ఎనభై నాలుగేళ్ళలో ఏ గుడ్ ఫ్రైడేకీ మాంసం అంటని మనిషి సంతోషంగా మూడోది కూడా తినేసేది, లొరెట్టా బల్ల నిలిచేది. లేదా నిజం చెప్పేస్తే, ఆవిడ కర్ర పుచ్చుకుని మేడెక్కి మళ్ళీ ఈ జన్మలో దిగదు. నా జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఇది చెప్పాల్సింది నేను కాదు.

లొరెట్టా వచ్చి తల్లి పక్కన వంగింది. "అమ్మా, ఆ చెంచా కింద పెట్టు. ఉండల్లో కోడి కొవ్వు ఉంది. కావాలని చెయ్యలేదు. ఇరవై మూడేళ్ళ అలవాటు, చెయ్యి వెళ్ళి ఆ సీసానే పట్టుకుంది."

అస్సుంతా గిన్నెలోకి చూసింది. "నేనెన్ని తిన్నాను?"

"రెండు."

"నువ్వు చెప్పకపోతే?"

"మూడోది తినేదానివి."

"తినేదాన్నే. బాగున్నాయి." చెంచా పక్కన పెట్టింది. "తెలియక తిన్నది దేవుడు వదిలేస్తాడు. తెలిసి తింటే అడుగుతాడు. తీసెయ్ గిన్నె."

లొరెట్టా గిన్నె తీసి, తల్లి కర్ర ఎక్కడుందా అని చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కర్ర ఎందుకు? నన్ను పైకి తోలేద్దామనా? పొద్దుటినుంచి ఏమీ తినలేదు, నాకు ఆకలేస్తోంది." ఎదురుగా ఫే గిన్నె కూడా అలాగే ఉండటం గమనించింది. "ఆ టోపీలావిడ ఎందుకు తినడం లేదు? ఆవిడకి మాంసం పర్లేదుగా?"

లొరెట్టా చెప్పింది, వాళ్ళల్లో చేపా కోడీ కలపరని. అస్సుంతా ఫే వైపు చూసింది. ఫే గిన్నె వైపు చూసింది. లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గడ్డం, తర్వాత నల్ల గౌను మొత్తం. "ఆవిడకీ కుదరలేదా! అయ్యో మరియమ్మ తల్లీ, ఆవిడకీ కుదరలేదా!" అని కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. గుడ్ ఫ్రైడే నాడు.

"ఏమంటోంది నల్లబట్టలావిడ?" అంది ఫే అనుమానంగా.

నేను చెప్పాను. ఫే మూతి బిగించింది, బిగించింది, ఇక ఆగలేక ఫక్కుమంది. ఆ ఊపుకి టోపీ చెవి మీదకి జారింది.

నవ్వు ఆగాక మొదట లేచింది ఫేనే. "అమ్మాయ్, ఉండలు సూపు కుండలో వేశావా, గిన్నెల్లోనా?"

"గిన్నెల్లోనే అత్తయ్యా."

"మిన్నీ చెప్పినవాటిలో ఒక్కటైనా సరిగా చేశావు. కుండ శుభ్రంగానే ఉందన్నమాట. రొట్టె పొడి ఎక్కడ? నూనె ఎక్కడ? గుడ్లు?"

టోపీ తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. టోపీ లేని ఫే తల నేను చూడటం అదే మొదలు. పల్చటి తెల్ల జుట్టు, పసిపిల్లదానిలా. అస్సుంతా కర్ర ఊనుకుంటూ వెనకాలే వచ్చి వంటింటి బల్ల దగ్గర కుర్చీ లాక్కుంది. లొరెట్టా చెయ్యి సాచబోయింది.

"నువ్వు ముట్టుకోకు. నీ చేతుల మీద నాకు నమ్మకం లేదు" అంది ఫే ఇంగ్లీషులో.

"నువ్వు దూరంగా ఉండు. నీ చేతులు ఆ సీసా కోసమే వెళ్తాయి" అంది అస్సుంతా మా భాషలో.

ఒకరు చెప్పింది ఒకరికి తెలియదు, ఇద్దరూ చెప్పింది మాత్రం ఒకటే. లొరెట్టా వెనక్కి జరిగి కుర్చీలో కూలబడింది.

పిండి నానడానికి అరగంట, ఉడకడానికి అరగంట పైనే. పాటలన్నీ భోజనం తర్వాత పాడాలి. ఆ సాయంత్రం ముందే పాడేశాం. మోర్ట్ గొంతు చిల్లుపడ్డ డబ్బా, అయినా ఎవరూ ఆపలేదు. వంటింట్లోంచి చప్పుళ్ళు వస్తున్నాయి. ఫే ఉండలు పిడికిలంత. అస్సుంతా ఉండలు, మా కొండ ఊళ్ళలో బంగాళాదుంప ముద్దలు చుట్టినట్టు, బొటనవేలి గోరంత.

"ఇవేమిటి, మందుబిళ్ళలా?" అని ఫే.

"ఆవిడ ఫిరంగి గుళ్ళు చేస్తోందే. యుద్ధానికి వెళ్తోందా?" అని అస్సుంతా.

నేను గుమ్మంలో నిలబడి అటుదిటూ, ఇటుదటూ చేరవేశాను. ఒక్క ముక్క తగ్గించలేదు, ఒక్క ముక్క కలపలేదు.

ఎనిమిది దాటాక సూపు మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. ప్రతి గిన్నెలో ఒక పెద్ద ఉండ, చుట్టూ ఐదారు చిన్నవి. ఆకలి మీద అందరం చెంచాలు అందుకున్నాం. లొరెట్టా తన గిన్నె ముట్టుకోలేదు. ఫే నోటివైపే చూస్తోంది.

ఫే తాగింది. పెదవులు తుడుచుకుంది. "కోడి సూపు కాదు" అంది.

"కాదు అత్తయ్యా."

ఇంకో చెంచా తాగింది. "కాదు. కానీ సూపే."

"మరి వచ్చే ఏడాది చెర్రీ హిల్..." అంది లొరెట్టా.

ఫే చిన్న ఉండ ఒకటి చెంచాతో తీసి, దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుంది. "చెర్రీ హిల్‌లో నన్ను వంటింట్లోకి రానివ్వరు. ముసలిదాన్నట, కూర్చోవాలట. మా చెల్లెల్ని ఏటా సోఫాలో కూర్చోబెట్టి చేతికి ఒక పత్రిక ఇస్తారట, అదే చెప్పింది." గిన్నె లొరెట్టా వైపు జరిపింది. "ఇంకొంచెం పొయ్యి. వేడివేడిగా ఉన్నది చూసి."

లొరెట్టా లేచి సూపు పోసి, ఒక పెద్ద ఉండ వేసింది. అస్సుంతా ఇవతలనుంచి చెయ్యి సాచి, తన గిన్నెలోవి రెండు చిన్నవి తీసి అందులో వేసింది.